చదివే మనిషి కోసం ఫీజు

ఓట్‌మీల్ గిన్నె మొగుడి ముందు పెట్టి, నోరీన్ మళ్లీ ల్యాప్‌టాప్ దగ్గర కూర్చుంది. పక్కన బ్యాంకు కార్డు కనబడగానే ఎల్విన్‌కి ఒళ్లు మండింది. అమెరికాలోని మెయిన్ రాష్ట్రపు రోడ్ల మీద మంచు తోసే బండి నడిపి, నడిపి రిటైరైన మనిషాయె. కష్టార్జితం ఊరికే పోతుంటే చూస్తూ ఊరుకుంటాడా?

"మళ్లీ కథల పోటీయేనా? ఫీజు ఎంతట?"

"ఇరవై ఐదు డాలర్లు. మధ్యాహ్నంతో గడువు అయిపోతుంది. కట్టాలా మానాలా అని చూస్తున్నా."

"చూసేదేముంది? నిరుడంతా కట్టావు, ఏం ఒరిగింది? నీలాంటి అమాయకుల దగ్గర వసూలు చేసిన డబ్బుతోనే వాళ్లు బహుమతులిచ్చేది!"

"అది నాకూ తెలుసు. కానీ వీళ్లు ప్రతి కథకీ అభిప్రాయం రాసి పంపుతారు."

"డబ్బిస్తే ఎవడైనా పొగుడుతాడు."

"పొగడ్త ఎవరిక్కావాలి? చదువుతారు, ఎల్విన్! ఎవరో ఒకరు చివరిదాకా చదువుతారు." "ఈ కథ చలికాలంలో నీ చేతికే ఇచ్చాను. దాని మీద కాఫీ కప్పు పెట్టుకున్నావు."

ఎల్విన్ చెయ్యి చాపి, "ఏదీ, ఇటియ్యి" అన్నాడు.

మంచు తుఫానులో బండి నడిపే మొగుడి కథ అది. పెళ్లాం రాత్రంతా కిటికీ దగ్గరే కూర్చుంటుంది. తెల్లవారుజామున బండి చప్పుడు వినగానే లైటు ఆర్పి, పరుగున వెళ్లి పడుకుని, నిద్ర నటిస్తుంది. చివరిదాకా చదివి, ఎల్విన్ కాగితాల మీంచి తలెత్తాడు.

"ప్రతిసారీ మేలుకునే ఉన్నావా? నేను చచ్చినా నీ నిద్ర చెడదని ఎంత ఎగతాళి చేశాను!"

"నీకోసం మేలుకునే ఉన్నానని తెలిస్తే, తొందరపడి నడుపుతావని భయం."

అతను మొహం చేతుల్లో దాచుకున్నాడు. నోరీన్ లేచి వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. "ఇంక కట్టన్లే. నువ్వు చదివావు, అది చాలు."

"నాకు చాలదు." కార్డు తీసి ఆమె చేతిలో పెట్టాడు. "ఇన్నేళ్లూ ఒకే ఇంట్లో ఉండి నాకే తెలియలేదు. ఇంకొకళ్లకైనా తెలియాలి. కట్టు, నోరీన్."

ఆమె ఏడుస్తూ, నవ్వుతూ అంకెలు కొట్టబోయింది. కళ్లనిండా నీళ్లు, ఒక్కటీ కనబడలేదు. ఎల్విన్ పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, కార్డు మీది ఒక్కొక్క అంకె ఆమెకు చదివి వినిపించాడు.