చల్లని అతుకు

డాక్టర్ వకుళ తెగిన గొలుసు కొసలు రెండూ దగ్గరికి చేర్చి, సీసాలోంచి తన ప్రయోగశాలలో చేసిన నల్లటి లేపనం ఒక చుక్క పెట్టింది. "వేళ్లతోనే పట్టుకోండి ఆచారిగారూ" అంది. ప్రొద్దుటూరు కంసాలి బ్రహ్మయ్యాచారి పట్టుకున్నాడు. పది లెక్కపెట్టేలోగా నలుపు పోయి పసుపు తేలింది. లాగి చూశాడు, అతుకు ఊడలేదు.

"నిప్పు లేకుండా బంగారం ఎట్ల కరిగింది మేడమ్?"

"ముద్ద బంగారానికి వెయ్యి డిగ్రీల పైన వేడి కావాలి. ఇందులో ఉన్నవి కొన్నేసి వందల పరమాణువుల బంగారు నలుసులు. లోపలి పరమాణువుకి చుట్టూ తోడుంటుంది, కదలనివ్వదు. అంచున ఉన్నదానికి తోడు తక్కువ, తక్కువ వేడికే జారిపోతుంది. నలుసు చిన్నదయ్యేకొద్దీ అందులో అంచు పరమాణువులే ఎక్కువ. దానికి నా పూత తోడైతే ఒంటి వేడి చాలు. కరిగి అతుక్కున్నాక మళ్లీ మామూలు బంగారమే."

"తోడు లేనోళ్లు కరిగిపోతారని చెప్పేదానికి ఇంత చదువు చదివినావా తల్లీ" అన్నాడు ఆచారి. ఆయన భార్య పోయి ఆరేళ్లయింది.

కన్నతల్లి బంగారంలోనైనా కంసాలి కాస్త నొక్కక మానడని సామెత. అందుకే నగ ఇచ్చినవాళ్లు కొలిమి ముందు బల్ల మీద కూర్చుని రెప్పవేయకుండా కాపలా కాసేవాళ్లు. నలభై ఏళ్లలో ఆచారి గోరంత కాజేసి ఎరగడు. అయినా అనుమానం అనుమానమే. కానీ ఎంత అనుమానమైనా గంటసేపు నోరు మూసుకుని కూర్చోవడం ఎవరి తరం? కోడలి పోరు, మోకాళ్ల నొప్పులు, గట్టు తగాదాలు అన్నీ ఆ బల్ల మీదే తెమిలేవి. భార్య పోయాక ఆయనకు మిగిలిన మనుషులు వాళ్లే.

లేపనం వచ్చాక నగ నిప్పులో పడదు, ఆకురాయి తగలదు. కాపలా కాయడానికి ఏముంది? "నీ మీద నమ్మకం ఆచారీ, సాయంత్రం వస్తా" అని నగ బల్ల మీద పడేసి పోతున్నారు. జీవితమంతా ఆ మాట కోసమే కాచుకున్నాడు పాపం. తీరా అది వచ్చేసరికి అంగడి బావురుమంటోంది.

ఒకరోజు వకుళకు ఫోన్ చేశాడు. "లేపనం గంటసేపటికి కరిగేట్ల చేయలేవా మేడమ్?"

"అందరూ త్వరగా కావాలంటే మీరు ఆలస్యం అడుగుతారేంటండీ?" అని నవ్వింది. ఆయనకు చెప్పుకోవడానికి సిగ్గేసింది.

మర్నాడు ఓబుళమ్మ వదిలిపోయిన గొలుసు అతికించాక ఆచారి ఆకురాయి తీశాడు. నాలుగుసార్లు రుద్ది, రాలిన పొడి పొట్లం కట్టాడు. సాయంత్రం ఆమె గొలుసు మెళ్లో వేసుకోబోతుంటే, "తూచుకో" అన్నాడు.

"నీ కాడ తూకమేందిలే."

"తూచుకోమంటి గదా!"

కాటాలో అంకె తగ్గింది. పిల్లల వయసు మరిచినా నగల బరువు మరవని మనిషి ఓబుళమ్మ. "నువ్వు గూడానా ఆచారీ!" అని గుండె బాదుకుంది. ఆయన తల వంచుకుని పొట్లం ఆమె చేతిలో పెట్టాడు. వీధి చివరికి చేరేలోగా ఆమె నలభై ఏళ్ల మంచిపేరును నలుగురి నోళ్లలో వేసింది.

తెల్లారి తలుపు తీసేసరికి గుమ్మంలో నలుగురున్నారు. లోపలికొచ్చి బల్ల మీద వరసగా కూర్చున్నారు. "మా కండ్ల ముందరే చెయ్యాల" అన్నాడు ఒకాయన, ఆచారి వేళ్లనే చూస్తూ.

ఆచారి కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

"అట్లనే కూచోండి నాయనా" అన్నాడు. "ఈ లేపనం కరిగేదానికి చానాసేపు పడతాది."