పాలు చేపని చుక్కి

“ఇంకా అర లీటరు కూడా రాలేదే! పొదుగు సూస్తే బండరాయి మాదిరి ఉండాది!”

వనజాక్షి విసుగ్గా చెంబు కింద పెట్టింది. పూతలపట్టు రోడ్డు మీద అప్పుడే పాలబండి హారన్ మోగింది.

చుక్కి వాళ్ల ఆవు. మూడు రోజులుగా సరిగా చేపడం లేదు. పాలు కిందికి దిగనివ్వకుండా పొదుగులోనే బిగబట్టేస్తోంది.

కొట్టం అవతల వనజాక్షి కూతురు, పదేళ్ల హేమశ్రీ, దాని రేకు గోడకేసి బంతి విసురుతోంది. ధన్! ధన్! స్కూల్లో త్రోబాల్ టీం సెలక్షన్ దగ్గర పడింది మరి.

“అమ్మా, టిఫిన్!”

“టిఫినా! ముందు దీన్ని పాలియ్యమను!” వనజాక్షి చుక్కి డొక్క మీద ఒక్కటి చరిచింది.

చుక్కి కాలు విదిలించింది. చెంబు దొర్లి, ఉన్న పాలు కూడా పేడలో కలిశాయి.

“నా కర్మ!” అంటూ వనజాక్షి పశువుల డాక్టర్ ఇఫ్ఫత్‌కు ఫోన్ చేసింది.

డాక్టర్ వచ్చి పొదుగు నొక్కి చూసింది. జ్వరం చూసింది.

“దీనికి జబ్బేమీ లేదు, వనజా.”

“అయితే పాలు దిగేదానికి ఒక సూది ఏసేయండి మేడం. ఇంక నా వల్ల కాదు.”

“సూది ఎందుకు? ఆ మందు దీని ఒంట్లోనే ఉండాది. దూడ మూతి తగిలితే మెదడులోంచి ఆక్సిటోసిన్ అనే హార్మోన్ రక్తంలోకి వస్తాది. అది పొదుగును చేరితేనే ఆవు చేపేది. ఆవు బెదిరిందనుకో, అడ్రినలిన్ అని ఇంకో హార్మోన్ వచ్చి అడ్డం పడతాది. పాలు పిండేటప్పుడు ఈడ ఏదైనా దీన్ని బెదిరిస్తా ఉండాదా?”

“ఈడేముండాది మేడం, బెదిరేదానికి?”

కొట్టం వాకిట్లో నిలబడ్డ హేమ బంతిని వీపు వెనక దాచుకుంది. చుక్కి చెవులు ఇంకా రేకు గోడ వైపే నిక్కి ఉన్నాయి. అది చూశాక హేమ ఊరుకోలేకపోయింది.

“నేనే మేడం. రోజూ ఈ టైముకే రేకు మీద బంతి కొడతా ఉన్నాను.”

“మూడు దినాలుగా నేను తల బాదుకుంటా ఉంటే ఇప్పుడు సెప్తావా!” వనజాక్షి చెయ్యెత్తింది. చుక్కి ఉలిక్కిపడి వెనక్కి జరిగింది.

“ఆ చెయ్యికి కూడా బెదురుతా ఉండాది, వనజా” అంది డాక్టర్.

వనజాక్షి చెయ్యి దించేసింది. కాసేపటికి అదే చేత్తో చుక్కి డొక్క నిమిరింది.

మర్నాడు హేమ ఇంటి దగ్గర బంతి జోలికి పోలేదు. ప్రాక్టీసు స్కూలు గ్రౌండుకు మార్చుకుంది. పొద్దున్నే దూడను విప్పి పొదుగు దగ్గరికి వదిలింది. చుక్కి మెడ కింద గోకుతూ నిలబడింది.

ఒక నిమిషం. రెండు నిమిషాలు. వనజాక్షి ఏదో సణగబోయి పెదవి బిగించుకుని, దూడను పక్కకు జరిపి చెంబు పట్టింది.

సర్ర్... సర్ర్... చెంబులో నురుగు లేచింది.

అదే సమయానికి ఒక దోమ వచ్చి హేమ మోచేతి మీద వాలి, చురుక్కున కుట్టింది. హేమ దాన్ని కొట్టబోయి, చుక్కి చెవులు నిక్కడం చూసి చెయ్యి గాల్లోనే ఆపేసింది.

దోమ కడుపునిండా తాగి, తీరిగ్గా ఎగిరిపోయింది.