మూడో షరతు

వనపర్తి కోర్టులో నిరంజన్ కొత్త వకీలు. కేసులు లేవు కాబట్టి వాదనలన్నీ ఇంట్లోనే. ఎదుటి పార్టీ ఎప్పుడూ అతనితో కలిసుంటున్న పావనే.

మూడేళ్ల కిందట పైవాటా అద్దెకు దొరకాలని ఇంటావిడ శాంతమ్మకు మొగుడూ పెళ్లాలమని చెప్పేశారు. అబద్ధానికి తోడుగా పావని మెడలో ఒక నల్లపూసల దండ వేలాడింది. ఆ తర్వాత ఆమె పెళ్లి మాటెత్తినప్పుడల్లా అతను అమెరికాలోని టెక్సాస్ చట్టం ఎత్తుకునేవాడు.

"ఆడ తాళి అక్కర్లే, రిజిస్ట్రారు అక్కర్లే. ఇద్దరు ఒప్పుకోవాలె, ఒక్కతాన ఉండాలె, నలుగురికి ఆలుమగలమని చెప్పుకోవాలె. అయిపాయె! కాలిఫోర్నియాల మాత్రం గిట్ల చెల్లదు."

"మరి వనపర్తిల?"

"ఈడ గూడ శానా ఏండ్లు కల్సుంటే పెండ్లయినట్టే అనుకుంటది కోర్టు."

"కోర్టు అనుకుంటది. మీ అమ్మ?"

పెద్దమందడిలో నిరంజన్ తల్లి సుభద్రమ్మ అతనికింకా సంబంధాలు చూస్తూనే ఉంది. మొన్న ఒక పిల్ల ఫోటో పంపితే 'ఆలోచిస్త' అన్నాడు కూడా, మహానుభావుడు.

సోమవారం పావని గద్వాల దవాఖానలో నర్సుగా చేరాలి. అతను వెంట వస్తాడో, ఇక్కడితో తెగిపోతుందో తెలియదు. ప్రేమ మాత్రం, ఖర్మ, తగ్గలేదు.

శుక్రవారం పొద్దున శాంతమ్మ పసుపు కలిపిన బియ్యం, రవికె గుడ్డ, ఎండుకొబ్బరి కుడుకలు పట్టుకొని పైకొచ్చింది.

"పెండ్లయి మూడేండ్లాయె. మీ తల్లిగారోళ్లు వస్తలేరు. ఒడిబియ్యం నేనే పోస్త. కొంగు పట్టు బిడ్డా."

పెళ్లయిన ఆడపిల్లకు పుట్టింటివాళ్లు పోసే బియ్యమది. పావనికి చేతులు రాలేదు.

"పట్టు, ఏం గాదు," గుసగుసలాడాడు నిరంజన్. "లా ప్రకారం..."

"నాకు పెండ్లి గాలేదమ్మా," అంది పావని గట్టిగా. "ఊరందరికీ పెండ్లామన్నడు. కన్నతల్లికి మాత్రం చెప్పలే. నేనొక్కదాన్నే గద్వాల పోత."

శాంతమ్మ పళ్లెం కింద పెట్టి నిరంజన్‌ను ఒక చూపు చూసింది. దానికి ఏ కోర్టులోనూ అప్పీలు లేదు. అతను చెమట తుడుచుకొని తల్లికి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు.

"అమ్మా, సంబంధాలు జూడకు. పావని అని... మూడేండ్ల సంది ఒక్కతాననే ఉంటున్నం."

అవతల సుభద్రమ్మ గొంతు లేచింది.

"పెండ్లి జేసుకున్నవా?"

"లా ప్రకారం..."

"నీ లా బొందవెట్ట! చేసుకుంటవా అని ఆ పిల్లనన్న అడిగినవా?"

ఫోన్ కట్టయింది. అడగలేదు. మూడేళ్లలో ఒక్కసారి కూడా అడగలేదు.

నిరంజన్ పావని వైపు తిరిగాడు. ఈసారి చట్టమేదీ గుర్తు రాలేదు.

"భయపడ్డ. తప్పు నాదే. నువ్వు లేకుంటే నేనుండలేను. నన్ను పెండ్లి చేసుకుంటవా?"

పావనికి ఏడుపూ వచ్చింది, కోపమూ వచ్చింది. ఈ సన్నాసి మీద ఇంత ప్రేమెందుకో మాత్రం అర్థం కాలేదు.

"చేసుకుంట. గప్పటిదాంక నువ్వు కింద వరండాల పండు."

శాంతమ్మ అప్పటికే చాప వెతకడానికి మెట్లు దిగుతోంది.