పదవలలో చివరి పంక్తి

తారామణి వ్యాసాలు పట్టేందుకు పదాలతో అల్లిన రెండో పదవలను కూడా చెరిపేసింది. మరీ వదులు, దించితే ఊపిరితిత్తుల మీద ఈ భూమ్మీద రాసిన వ్యాసాలన్నీ ఎగబడి వస్తాయి. మొదటిది మరీ బిగువు, ఒక్కటీ రాదు. లోకంలోని పరిశోధన వ్యాసాలన్నీ దాచిన పత్రసాగరం మనిషికి రోజుకు ఒకే ప్రశ్న తీసుకుంటుంది. అందుకే విశాఖ శోధనాలయంలో ఆమె కుర్చీకి అంత గిరాకీ. ఆ సంగతి ఆమెకూ తెలుసు, దాచుకోదు కూడా.

ఎదురుగా డాక్టర్ ఇమ్మానుయేలు కూర్చున్నాడు. ఉప్పుపొగ గోపురాల్లో పనిచేసి ఊపిరాడక పడున్న కార్మికులకు ఈ సాయంత్రం నీలిద్రవం ఎక్కించాలని ఆసుపత్రి తీర్మానించింది. దొరికిన వ్యాసాలన్నీ ఆ మందును పొగిడినవే మరి. ఆ కార్మికుల్లో ఆయన చెల్లెలూ ఉంది. ఆ మందు ఎవరికైనా హాని చేసిందా? ఆయనకు తెలియాల్సింది అదొక్కటే.

తారామణి ప్రశ్నను ముక్కలు చేసింది: రోగం, మందు, హాని. ఒక్కో ముక్కకూ వైద్యులు వాడే పేర్లు, కార్మికులు వాడే పేర్లు, పాతకాలపు పేర్లు పక్కపక్కన పేర్చింది. వాటిలో ఏదో ఒకటి దొరికితే చాలు. కానీ మూడు ముక్కలూ ఒకే వ్యాసంలో కలవాల్సిందే. చూస్తుంటే ముచ్చటేసే పనితనం!

దించేముందు వలను అడిగినవాళ్లకు చదివి వినిపించడం అక్కడి ఆనవాయితీ. ఆమె చదివింది. ఆయన తెరకేసి వేలు చూపించాడు.

"ఆ అడుగునున్నది చదవలేదేటి మేడమ్?"

"అది సాగరాన్ని నడిపే సూచిక తనంతట తనే పెట్టే పంక్తండి. అన్ని వలల్లోనూ ఉంటది, మేమెవరం చదవం," అంటూనే చదివింది. "విఫలమైన ప్రయోగాలు మినహా."

ఆ పంక్తిని మళ్లీ చదువుకుంది. ఇన్నేళ్లూ తాను అల్లిన చక్కటి వలలన్నిటికీ అడుగున ఈ చిల్లు ఉందన్నమాట! ఒళ్లు మండిపోయింది.

పంక్తిని చెరిపేసింది. కుర్చీ హక్కు రద్దవుతుందని సూచిక హెచ్చరించింది. పోతే పోనీ అనుకుని, తన పేరుతోనే ముద్ర వేసి వల దించింది.

ఒకే ఒక్క వ్యాసం వచ్చింది. నీలిద్రవం మొదట హాయినిచ్చి, ఆపైన ఊపిరితిత్తులు రాయిలా బిగుసుకుపోయేలా చేసిందట. తమ ప్రయోగం ఓడిపోయిందని ఆ పరిశోధకులు నిజాయితీగా రాసిపెట్టారు. డాక్టర్ ఆసుపత్రికి ఫోన్ చేసి మందు ఆపించాడు. అదే ఫోన్‌లో చెల్లెలి గొంతు వినగానే ఏడ్చేశాడు.

తారామణి కుర్చీ మీది దీపం ఆరిపోయింది. ఆమె లేచి నిలబడి హాలంతా వినబడేలా చెప్పింది.

"చివరి పంక్తి కూడా చదవండి. అక్కర్లేదనిపిస్తే తీసేయండి. నేను తీసేశాను."

పక్క కుర్చీలోని సులోచన తన ముందున్న రైతుకు ఆ పంక్తి చదివి వినిపించి, చెరిపేసింది. తర్వాత వెనక వరుసవాళ్లు. తన తోటివాళ్లను చూసి తారామణికి ఎన్నడూ కలగనంత గర్వం కలిగింది. ఒక్కో దీపమే ఆరుతుంటే, ఓడిపోయినవాళ్లు రాసిన వ్యాసాలు తెరల మీదికి రావడం మొదలైంది.