గుండీలు పెట్టుకునే దాకా

మొదటి రోజే గొడవైంది. అన్న కూతురిని ప్లేస్కూల్ నుంచి తీసుకెళ్ళడానికి అతను వచ్చి, దాని స్వెట్టర్‌కి గుండీ పెట్టబోతుంటే టీచర్ అడ్డొచ్చింది.

"మీరు పెట్టకూడదండీ. తనే పెట్టుకోవాలి."

"నాలుగేళ్ళ పిల్లండీ. తెల్లారిపోతుంది."

"తెల్లారనివ్వండి."

అతను లిఫ్టు మెకానిక్. "అవతల లిఫ్టులో మనుషులు ఇరుక్కున్నారండీ!"

"అయితే ఎక్కడికీ పోరు కదా. కూర్చోండి."

తోటి మెకానిక్‌కి ఫోన్ చేసి వెళ్ళమని చెప్పి, కూర్చున్నాడు. కుర్చీ పిల్లలది. మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. ఎదురుగా ఇద్దరు పిల్లలు పిండి ముద్దలు పిసుకుతున్నారు. ఇంకొకడు పాత పేపరు మహా శ్రద్ధగా చింపుతున్నాడు.

"అక్షరాలెప్పుడు నేర్పుతారండీ?"

"వేళ్ళకి బలం వచ్చాక. ముందు పిసకాలి, చింపాలి, పూసలు గుచ్చాలి. అప్పుడు పెన్సిల్ చేతిలో నిలుస్తుంది."

"పిండి మా ఇంట్లోనూ ఉంది."

"దాన్ని ముట్టుకోనిస్తారా?"

ఇంట్లో పాప చెయ్యి చాచేలోపే ఆ పని చేసేసేది అతనే.

ఆ తర్వాత రోజూ పాప గుండీలతో కుస్తీ పట్టినంతసేపూ అతనూ టీచరూ మాట్లాడుకునేవారు. "తొందరేం లేదమ్మా, నిదానంగా పెట్టుకో" అని చెప్పడం అతనే మొదలుపెట్టాడు. టీచర్ ఒకసారి అతనివైపు చూసి, చూడనట్టు పూసలు సర్దుకుంది. వాన పడితే గుండీలయ్యాక కూడా కూర్చోవచ్చు. వానలు సరిగ్గా పడట్లేదని అతను బాధపడడం ఆ ఏడాదే మొదలు.

ఒక శుక్రవారం పొద్దున వదిన కబురు చెప్పింది. "నా డ్యూటీ మారిందోయ్. సోమవారం నుంచి పాపని నేనే తెచ్చుకుంటా. నీకు శ్రమ తప్పింది."

ఆ సాయంత్రం అతను కుర్చీ లాక్కునేలోపే పాప గుండీలన్నీ పెట్టేసుకుంది.

"బాబాయ్, అయిపోయింది!"

టీచర్ చప్పట్లు కొట్టింది. ఎవరో పోయినట్టు మొహం పెట్టి అతనూ కొట్టాడు.

"సంతోషంగా లేదా?"

"చాలా సంతోషమండీ. సోమవారం నుంచి వదిన వస్తుంది."

పూసల డబ్బా మూత పెడుతున్న ఆమె చెయ్యి ఆగింది. "ఇక మీరు రారన్నమాట."

"రావడానికి కారణం లేదు కదండీ. అంటే, ఉంది. అది పాప కాదు. మీరు... నాకు..."

"నేను చెప్పనా బాబాయ్?" అంది పాప.

"నువ్వు చెప్పకూడదమ్మా" అంది టీచర్. ఇంకో చిన్న కుర్చీ లాక్కుని అతని ఎదురుగా కూర్చుంది. సాయం చెయ్యలేదు. తొందరపెట్టలేదు.

చాలాసేపు పట్టింది.

"మీరంటే ఇష్టమండీ. మిమ్మల్ని పెళ్ళి చేసుకోవాలనుంది. కాదంటే ఇప్పుడే చెప్పండి. బయటికెళ్ళి బాధపడతాను."

ఆమె మొహంలో ఏ మార్పూ లేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"సోమవారం మీ వదినగారు రావడం మంచిదే" అంది. "మా అమ్మని కూడా ఆ టైముకే రమ్మంటాను."