విన్నది విన్నట్టు చెప్పండి

ఆ వినికిడి పరీక్ష కోసం ఆమె రెండు నెలల పదకొండు రోజులు ఎదురుచూసింది.

అంతకుముందు ఆన్‌లైన్లో తెప్పించుకున్న చెవి మిషన్లు సొరుగులో పడి ఉన్నాయి. వాటిని పెట్టుకుంటే గిన్నెకు గరిటె తగిలినా బాంబు పడ్డట్టుండేది. మనిషి మాట మాత్రం గోడ అవతల నుంచి వచ్చినట్టే ఉండేది. తల తిప్పితే చాలు, కీచుమని కూసేవి. "నువ్వొస్తుంటే ఇంట్లోకి రైలొస్తున్నట్టుందోయ్" అని భర్త నవ్వేవాడు. సరదాకే అనేవాడు కానీ ఆమెకు ఒళ్ళు మండిపోయేది. కంపెనీకి ఫోన్ చేస్తే అవతలివాళ్ళు చెప్పేది వినపడేది కాదు. వినపడకే కదా ఫోన్ చేసింది!

చెవులు మందగిస్తున్నాయని నాలుగేళ్ళుగా తెలుసు. అయినా పెదాలు చూసి మాట పట్టుకుంటూ ఎలాగో నెట్టుకొచ్చింది. ఒకరోజు ఐదేళ్ళ కూతురు స్నానాలగదిలో లోపల గడియ వేసుకుంది. తియ్యడం చేతకాలేదు. అరగంట తలుపు బాదింది. ఆమె వంటింట్లో అటు తిరిగి గిన్నెలు కడుగుతూనే ఉంది. తలుపు తీయించేసరికి పిల్ల గొంతు బొంగురుపోయింది. ఆ రాత్రి ఆమె అన్నం ముందు కూర్చుని లేచిపోయింది.

"ఇంక మనంతట మనం చేసుకునే పని కాదిది. చదువుకున్నవాళ్ళకి చూపిద్దాం" అన్నాడు భర్త.

తీరా ఆ రోజు వచ్చేసరికి అతనికి డ్యూటీ మారింది. పిల్లని అప్పగించి వెళ్దామంటే అమ్మమ్మ విమానమెక్కి వెళ్ళేంత దూరంలో ఉంది. పక్కింటివాళ్ళ పేర్లు కూడా తెలియవు. పరీక్ష వాయిదా వేస్తే మళ్ళీ రెండు నెలలు. పిల్లని వెంటబెట్టుకునే బయల్దేరింది.

పాత ఆఫీసు భవనంలో మూడో అంతస్తు. లిఫ్టు పనిచెయ్యడం లేదని కాగితం అంటించి ఉంది. సాయంత్రం నాలుగే అయినా, వానకి బయటంతా బూడిదరంగు చీకటి. మెట్ల మీద తడిసిన తివాచీ వాసన. పైన బయటి గదిలో నాలుగు కుర్చీలు, ఒక గడియారం. మనుషులెవరూ లేరు.

కూతుర్ని తలుపు పక్క కుర్చీలో కూర్చోబెట్టి, వానకి తడిసిన బూట్లు విప్పి పక్కన పెట్టి, బొమ్మల పుస్తకం ఒళ్ళో పెట్టింది.

"పిచ్చుకా, ఇటు చూడు. ఈ కుర్చీ దిగకూడదు. ఎవరు రమ్మన్నా కదలకూడదు. నేను చెప్తేనే లేవాలి. ఎవరు చెప్తే?"

"నువ్వు చెప్తే."

"ఇంకెవరైనా చెప్తే?"

"అబ్బా, లేవనమ్మా! మూడుసార్లు చెప్పావ్."

లోపల వినికిడి పరీక్ష చేసే ఆడియాలజిస్టు ఆమె తెచ్చిన మిషన్లను అరచేతిలో అటూ ఇటూ తిప్పి చూసి నిట్టూర్చింది.

"పక్కవాళ్ళ కళ్ళజోడు తెచ్చి పెట్టుకుంటారా ఎవరన్నా? చెవులంటేనే ఎంత అలుసో అందరికీ."

"తెలియక కొన్నానండీ డాక్టరు గారూ."

"డాక్టర్ని కాదు, ఆడియాలజిస్టుని. ఇవి అన్ని శబ్దాల్నీ ఒకేలా పెంచేస్తాయి. మీరు చెప్పినదాన్ని బట్టి మీకు పోయింది సన్నటి శబ్దాలు. ఎంత పోయిందో కొలిచి, దానికి తగ్గట్టు మిషన్ అమర్చాలి. సన్నటివి పోతే ముందు పోయేవి పిల్లల గొంతులే, తెలుసా?"

ఆమె తల తిప్పి, పిల్ల ఉన్న బయటి గది వైపు చూసింది.

పరీక్ష చేసే గది బీరువాకి అన్నలా ఉంది. జానెడు మందం తలుపు. గోడల నిండా నల్లటి స్పాంజి. లోపల రబ్బరు వాసన, ఎప్పటిదో ఊపిరి వాసన. చిన్న అద్దం కిటికీ అవతల ఆడియాలజిస్టు, ఆమె యంత్రం. తలుపు మూసుకోగానే లోకం మొత్తం ఎవరో గుప్పెట్లో బిగించినట్టయింది.

మొదట కూతలు. వినపడినప్పుడల్లా బొత్తాం నొక్కాలి. వినిపించింది కూతో, తన చెవిలో ఎప్పుడూ ఉండే హోరో ఆమెకు తేలలేదు. నొక్కితే అబద్ధం చెప్పినట్టు, నొక్కకపోతే మిషన్ తప్పుగా అమరుస్తారేమోనని భయం. రెండుసార్లు మళ్ళీ మొదటికొచ్చారు.

"పరీక్ష పేపరు కాదమ్మా ఇది, మార్కులు వెయ్యను" అంది హెడ్‌ఫోన్లలో ఆడియాలజిస్టు, విసుగు దాచుకోకుండానే. "ఇప్పుడు మాటలు. ఒక్కో మాట వస్తుంది. విన్నది విన్నట్టు పైకి చెప్పండి. సరిగ్గా వినపడకపోతే ఊహించి చెప్పండి. ఊరుకోవద్దు."

తన పెదాలు కనపడకుండా ఆవిడ ఒక అట్ట అడ్డం పెట్టుకుంది.

అప్పుడే లైటు ఆరిపోయింది.

కిటికీ కూడా నల్లబడింది. ఆమె కదలకుండా కూర్చుంది. లేస్తే పరీక్ష చెడిపోతుందేమో. మళ్ళీ రెండు నెలలు... అయ్యబాబోయ్, వద్దు.

కాసేపటికి చెవిలో మాట వచ్చింది.

"పాప."

"పాప" అంది ఆమె.

"లే."

"లే."

"బూట్లు."

"బూట్లు."

ఎంత స్పష్టంగా ఉందో! నాలుగేళ్ళలో ఏ గొంతూ ఇంత తేటగా వినపడలేదు. పెదాలు చూడనక్కర్లేదు, ఊహించనక్కర్లేదు. ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది. ఒక్క మాట కూడా తప్పుపోకూడదని ముందుకు వంగింది.

"తలుపు."

"తలుపు."

"తియ్యి."

"తియ్యి."

"మెట్లు."

"మెట్లు."

"దిగు."

"దిగు."

"దిగు."

ఇందాక అన్నదేగా... జాబితాలో రెండుసార్లు ఉందేమో. "దిగు" అంది.

"దిగు."

"దిగు..."

మాటలకీ మాటలకీ మధ్య ఎడం పెరుగుతోంది. ఎవరో ఒక్కో మెట్టూ దిగేదాకా ఆగుతున్నట్టు.

"భయం."

"భయం."

"లేదు."

"లేదు."

"చెయ్యి."

"చెయ్యి."

చీకట్లో ఆమె చూపు యంత్రం ఉండాల్సిన వైపు వెళ్ళింది. ఇందాక దాని మీద పచ్చ దీపం వెలుగుతూ ఉంది. ఇప్పుడు లేదు. కరెంటు లేదు. యంత్రం నడవదు.

మరి...

"ఇవ్వు."

ఆమె నోరు తెరిచింది. తెరిచి, ఆగిపోయింది. తను ఇప్పటిదాకా పలికిన మాటలన్నీ ఒకదాని పక్కన ఒకటి వచ్చి నిలబడ్డాయి.

"ఇవ్వు."

రెండు చేతులతోనూ నోరు మూసుకుంది.

"ఇవ్వు."

చాలాసేపు నిశ్శబ్దం. తర్వాత అదే గొంతు, చెవికి మరీ దగ్గరగా, ఓపిగ్గా...

"ఊహించి చెప్పండి."

హెడ్‌ఫోన్లు పీకి విసిరేసింది. తలుపు పిడి దొరకలేదు. స్పాంజి, స్పాంజి, మళ్ళీ స్పాంజి. దొరికింది. భుజంతో తోసుకుని బయటపడింది. బయటి గదిలో కుర్చీ ఖాళీ. పుస్తకం నేల మీద. మెట్ల తలుపు బార్లా తెరిచి ఉంది.

నడవాలోంచి టార్చి వెలుగు ఊగుతూ వచ్చింది. ఆడియాలజిస్టు.

"ఫ్యూజు చూసొచ్చేసరికి లేచిపోయారేం? నేనింకా మాటలు మొదలేపెట్టలేదు!"

ఆవిడ పెదాలు చదివినంతసేపే ఆమె నిలబడింది. టార్చి లాక్కుని పరుగెత్తింది. మూడో అంతస్తు, రెండు, ఒకటి. వీధి తలుపు గొళ్ళెం వేసే ఉంది. మెట్లు అక్కడితో ఆగలేదు. ఇంకా కిందికి, నేలమాళిగలోకి దిగాయి.

చివరి మెట్టు మీద పిల్ల నిలబడి ఉంది. కుడిచెయ్యి చీకట్లోకి చాపి ఉంది.

"పిచ్చుకా!"

పిల్ల తల తిప్పింది. ఆమె టార్చిని ఆ చిన్న పెదాల మీదికి వేసింది.

"చెయ్యి అన్నావ్, చాపాను. నొప్పి పుడుతోంది. తర్వాతేం చెయ్యాలో చెప్పవేమ్మా?"

ఆ చాపిన చేతిని పట్టుకుని లాగి గుండెకి అదుముకుంది. నేలమాళిగ వైపు టార్చి వెయ్యలేదు. వెయ్యకూడదనిపించింది.

పైన ఆడియాలజిస్టు ఎంతకీ నమ్మలేదు. పిల్లలు తిరుగుతారమ్మా, మీరు కంగారు మనిషి, అంది. అంతా విని కూడా చివరికి మంచిగానే చెప్పింది. "మాటల పరీక్ష కాకుండా మిషన్లు అమర్చలేను. తప్పుగా అమరిస్తే మళ్ళీ సొరుగులోకే పోతాయి. వేరేచోట చేయించుకుంటానంటే కాగితం రాసిస్తాను."

ఆమె కాగితం రాయించుకుంది. మళ్ళీ రెండు నెలలు. ఈసారి భర్త సెలవు పెట్టాలి, పెట్టి తీరాలి. దారంతా ఆమె పిల్ల చెయ్యి వదల్లేదు.

ఇంటికొచ్చి, లైట్లన్నీ వేసి, పిల్లని బల్ల మీద కూర్చోబెట్టి బూట్లు విప్పబోయింది. లేసులు రాలేదు. రెండు బూట్లకీ చిన్న చిన్న ముడులు, ముడి మీద ముడి, సూదిమొన కూడా దూరనంత బిగువు. పిల్లకి లేసు కట్టుకోవడమే ఇంకా రాదు.

ఆమె గోళ్ళు జారిపోయాయి. తలెత్తకుండా, గొంతు మామూలుగా ఉండేలా చూసుకుని అడిగింది.

"ఇవెవరు కట్టారు తల్లీ?"

పిల్ల జవాబు చెప్పినట్టుంది. ఆమె తలెత్తి చూసింది. పిల్ల విసుగ్గా, పెదాలు బాగా కదిలిస్తూ, ఎప్పుడూ చెప్పినట్టే రెండోసారి చెప్పింది.

"నువ్వేగా! కింద కూచుని కట్టావు. నీ చేతులు చల్లగా ఉన్నాయమ్మా, కాళ్ళు నొప్పెడుతున్నాయి, వదులు కట్టు అని ఎన్నిసార్లు చెప్పానో... నీకు వినపడనే లేదు."