చంద్రిక సిరా నూరిన సాయంత్రం

అమీర్‌పేటలో ఖాళీ గోడ కనిపిస్తే చాలు, ఏదో ఒక కంప్యూటర్ కోర్సు బోర్డు ఎక్కి కూర్చునే రోజులవి. ఊరంతా జావా నేర్చుకుంటుంటే, ధాత్రి బొమ్మలు వేయడం నేర్చుకోవడానికి జపాన్ వెళ్లొచ్చింది. చుట్టాలు నవ్వారు. యూనివర్సిటీ పంపిన ఆ నెల రోజులూ ఆమెతో ఒకే గదిలో ఉన్నది చంద్రిక, బల్కంపేట పిల్ల.

క్యోటోలో టీచరమ్మ మొదటిరోజే చెప్పింది. నల్లటి సిరా కడ్డీని రాతి మీద నీళ్లు పోసి నూరాలి. నూరుతున్నంతసేపూ నోరెత్తకూడదు. నూరడం ఆగిందంటే కుంచె కదలాలి. ఒకసారి గీస్తే చెరపడానికి ఉండదు.

తిరిగొచ్చిన కొన్నాళ్లకే డెంగీ జ్వరం చంద్రికను ఎత్తుకుపోయింది. ఆమె వేసిన బొమ్మ ఒకటి ధాత్రి పెట్టెలో ఉండిపోయింది. అటు తిరిగి కూర్చుని జడ విప్పుకుంటున్న అమ్మాయి. పంజగుట్టలో ప్రదర్శన పెట్టేటప్పుడు, దాని పక్కన తన బొమ్మలన్నీ వెలవెలబోతుంటే ధాత్రి చెయ్యి ఊరుకోలేదు. మూలన, సంతకం ఉండాల్సిన చోట, తన పేరున్న ఎర్ర ముద్ర వేసేసింది. పోయినవాళ్లు వచ్చి అడుగుతారా, అనుకుంది. అలా అనుకున్నందుకు సిగ్గుతో చచ్చిపోయింది. అయినా బొమ్మను గోడకు తగిలించింది.

ఆ సాయంత్రం వాన పట్టుకుంది. ఉన్నట్టుండి కరెంటు పోయింది. చూడవచ్చినవాళ్లంతా వరండాలోకి వెళ్లారు. తలుపు దగ్గర ఎవరో తడిసిన గొడుగు మూశారు. చంద్రిక తల్లి స్వరాజ్యం.

ధాత్రి ఆ బొమ్మ పక్కనే గోడ దాకా వెనక్కి జరిగింది. ఈమెను తను పిలవనే లేదు.

స్వరాజ్యం సెల్‌ఫోన్ వెలుతురులో ఒక్కో బొమ్మే చూసుకుంటూ వచ్చి, ఆ బొమ్మ ముందు ఆగింది.

అప్పుడు ధాత్రికి వినిపించింది. గర్ర్... గర్ర్... రాతి మీద ఏదో నూరుతున్న చప్పుడు. సరిగ్గా తన వెనకే. వెనక గోడ తప్ప ఏమీ లేదు. మసీ కర్పూరమూ కలిసిన వాసన... ఆ సిరా వాసనే.

"ఏంటాంటీ ఆ చప్పుడు?" ధాత్రి గుసగుసలాడింది.

"ఏం చప్పుడు బిడ్డా? వానే గద." స్వరాజ్యం బొమ్మ మీంచి కళ్లు తిప్పలేదు. "జర నిజం చెప్పు... గీ బొమ్మ ఎవలేసిన్రు?"

చెప్పేయొచ్చు. ఒక్క మాట. మీ అమ్మాయే అంటే, ఆ తల్లికి బిడ్డ చేతి గీత ఒకటి మిగులుతుంది. కానీ వరండాలో పేపరువాళ్లున్నారు, పాఠం చెప్పిన మాస్టార్లున్నారు. సిగ్గుతో ముఖం భగ్గుమంటున్నా, ధాత్రి పరువునే పట్టుకుంది.

"నేనే ఆంటీ."

నూరడం ఆగిపోయింది.

మెడ వెనక ఏదో తాకింది. చల్లగా... తడిగా... ఒకే గీతగా కిందికి జారింది. ఆగలేదు. భుజం చుట్టూ తిరిగింది. చెంప మీదికి వచ్చింది. ధాత్రి అరవబోయింది... అది పెదవుల మీంచి సాగిపోయింది.

కరెంటు వచ్చింది. స్వరాజ్యం ఆమె గడ్డం పట్టుకుని ఇటూ అటూ తిప్పి చూసింది. ఆమె కళ్లు నిండిపోయాయి.

"అచ్చం మా చంద్రిక గీసినట్టే ఉన్నవ్ బిడ్డా."

జనం లోపలికొచ్చారు. ఒకాయన నేరుగా వచ్చి ధాత్రి ముందు నిలబడ్డాడు. కాస్త వెనక్కి జరిగి, తల వంచి, ఆమెను పైనుంచి కిందిదాకా చూశాడు. ధాత్రి కదలాలనుకుంది. రెప్ప కూడా కదల్లేదు; అదిప్పుడు ఒక సిరా గీత. ఆయన స్వరాజ్యం వైపు తిరిగి మెల్లగా అడిగాడు.

"చాలా బావుందండీ. ఇది ఎవరు వేశారు?"